ఆ ఫంకా రెక్కల్లో ఇంత కథా!

ఆమధ్య హైదరాబాదు నుంచి రాజమండ్రికి చిన్న విమానంలో వెళ్లాల్సొచ్చింది. ఏటీఆర్ 72 అంటారట దాన్ని. కిటికీలోంచి చూస్తే పక్కనే ఆరు నల్లటి రెక్కల ప్రొపెల్లరు. "అయ్యో, ఫంకా విమానమాండీ!" అంది పక్కసీటావిడ నీరసంగా. పాత సరుకేమోనని నాకూ గుండె జారిన మాట నిజం.

అయితే నా చూపు మాత్రం ఆ రెక్కల మీదే ఉండిపోయింది. ఆగి ఉన్న రెక్క వెడల్పు ముఖమంతా నావైపే ఉంది, అంచు విమానం ముందుకి ఉంది. పండక్కి పండక్కి స్టూలెక్కి సీలింగు ఫ్యాను తుడిచేదాన్ని కదా, నాకో అనుమానం. ఫ్యాను రెక్కల్ని ఇలా పూర్తిగా నిలువుగా మెలితిప్పి పెడితే ఎంత తిరిగినా చెమటలే తప్ప గాలి రాదు. మరి ఇది ఇంతమందిని ఎలా లాక్కెళుతుంది?

మా అన్నయ్య కొడుకు విమానాల మరమ్మతు పనిలో ఉన్నాడు. దిగగానే వాడికి ఫోను చేశాను. "భలే చూశావత్తా! ఆ రెక్క చక్రంలా తిరగడమే కాదు, మొదలు దగ్గర తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఆ కోణాన్నే పిచ్ అంటాం. ఆగినప్పుడు నువ్వు చూసిన కోణం వేరు, ఎగిరేటప్పుడు వేరు" అన్నాడు.

చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి కండక్టరు చేత చివాట్లు తినని వాళ్లుండరు. అరచెయ్యి గాలికి ఎదురుగా పెడితే చెయ్యి వెనక్కి తోసుకుపోతుంది. అంచు పెడితే గాలి కోసుకుపోతుంది. కాస్త ఏటవాలుగా పెట్టామా, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ప్రొపెల్లరు రెక్క చేసేదీ అదే పని.

ఒకే కోణంలో బిగించేస్తే సరిపోదా అన్నాను. "తిరుమల ఘాట్ రోడ్డుని టాపు గేరులో ఎక్కుతారా అత్తా?" అన్నాడు. ఎక్కరు మరి. నేల మీంచి లేచేటప్పుడు రెక్క కోణం తక్కువగా ఉండాలి. అప్పుడు ఇంజనుకి భారం తక్కువై జోరుగా తిరుగుతుంది. అది మన ఫస్టు గేరు. పైకెళ్లి వేగం అందుకున్నాక కోణం పెంచితే ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం లాగుతుంది. అది టాపు గేరు. బిగించేసిన రెక్కలంటే ఒకే గేరున్న బండన్నమాట. 1933లో అమెరికాలో బోయింగ్ 247 అనే కొత్త విమానానికి ఇదే చిక్కొచ్చింది. ఎత్తు ప్రాంతాల నుంచి నిండు బరువుతో లేవడానికి ఆపసోపాలు పడింది. ఫ్రాంక్ కాల్డ్‌వెల్ అనే ఇంజనీరు తయారుచేసిన, కోణం మార్చుకునే రెక్కలు పెట్టాక దారికొచ్చింది. ఆ ఏటి కోలియర్ ట్రోఫీ ఆ పనికే ఇచ్చారు.

మరి గాల్లో రెక్కల్ని తిప్పేదెవరు? నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. తిరణాల్లో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. జోరందుకుంటే కుర్చీలు బయటికి విచ్చుకుంటాయి, నెమ్మదిస్తే లోపలికొస్తాయి. ప్రొపెల్లరుకుండే గవర్నరులోనూ ఇలాగే రెండు చిన్న బరువులు తిరుగుతుంటాయి. వాటిని ఓ స్ప్రింగు అదుముతూ ఉంటుంది. వేగం హద్దు మీరితే బరువులు విచ్చుకుంటాయి, ఓ కవాటం కదులుతుంది, ఒత్తిడితో నూనె వెళ్లి రెక్క కోణాన్ని పెంచుతుంది. ఇంజనుకి భారమై వేగం తగ్గుతుంది. మరీ తగ్గితే బరువులు ముడుచుకుంటాయి, కోణం తగ్గుతుంది, వేగం మళ్లీ పుంజుకుంటుంది. పాలు పొంగుతుంటే మంట తగ్గించి, చల్లబడితే పెంచే మనిషిని పొయ్యి పక్కనే నిలబెట్టినట్టు! జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టిందీ ఈ కిటుకే. ఇప్పటి ఏటీఆర్‌లో వేగాన్ని కొలిచే పని ఎలక్ట్రానిక్ పెట్టెది. రెక్కని తిప్పేది మాత్రం ఇప్పటికీ నూనే. నిమిషానికి సుమారు 1200 చుట్లు తిరిగే రెక్కలు ఎప్పుడు వాలాయో, ఎప్పుడు లేచాయో మన కంటికి ఆనవు.

ఇక నేను చూసిన ఆ నిలువు కోణం సంగతి. దాన్ని ఫెదర్ అంటారు. గోదావరిలో పడవవాడు తెడ్డు వేశాక, వెనక్కి తెచ్చేటప్పుడు దాని అంచుని నీళ్లకి పెడితే సులువుగా వస్తుంది చూడండి, అదే. గాల్లో ఒక ఇంజను ఆగిపోయిందనుకోండి, దాని ప్రొపెల్లరు గాలిమరలా ఊరికే తిరుగుతూ విమానాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. అందుకని ఆ రెక్కల అంచుని గాలికి పెట్టేస్తారు. అప్పుడు రెండో ఇంజను విమానాన్ని తీసుకెళ్లగలుగుతుంది. ప్రాణాలు కాపాడే కోణం అది.

అదే కోణం ప్రాణాలు తీయడమూ జరిగింది. 2023 జనవరి 15న నేపాల్లోని పోఖరాలో ఏటీఆర్ 72 కూలి 72 మంది పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో మన దేశం వాళ్లు అయిదుగురు. ఆ రోజు విమానం నడుపుతున్నది అంజు ఖతివడా. ఆవిడ భర్త కూడా పైలటే. 2006లో అదే సంస్థ విమానం కూలి చనిపోయాడు. ఆయన తాలూకు బీమా సొమ్ముతో ఆవిడ పైలటు చదువు చదువుకుంది. 2010లో ఉద్యోగంలో చేరి, ఆరువేల గంటలకు పైగా విమానం నడిపింది. పోఖరాలో విమానాశ్రయం కొత్తది, తెరిచి రెండు వారాలే అయింది. అక్కడ దిగడం అలవాటు చేయించడానికి శిక్షకుడైన కెప్టెన్ కుడి సీట్లో కూర్చున్నారు. దిగబోతూ ఆవిడ ఫ్లాప్స్ ఇంకాస్త దించమని అడిగింది. ఫ్లాప్స్ అంటే నెమ్మదిగా దిగడానికి పెద్ద రెక్కల వెనక వంచే పలకలు. సరేనని జవాబొచ్చింది. కానీ కదిలింది ఫ్లాప్స్ మీట కాదు, దాని పక్కనున్న ప్రొపెల్లర్ల మీటలు. రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్‌లోకి వెళ్లిపోయాయి. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి, రెక్కలు మాత్రం గాలిని పట్టడం లేదు. ఇంజన్ల నుంచి శక్తి రావడం లేదని ఆవిడ ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అంది. ఫ్లాప్స్ అడిగిన దగ్గర్నుంచి కూలేదాకా సుమారు ఒక్క నిమిషమే పట్టింది. పొరపాటున మీటలు కదలడమే కారణం కావచ్చని అదే ఏడు డిసెంబరులో దర్యాప్తు నివేదిక తేల్చింది. పని ఒత్తిడి, పద్ధతి ప్రకారం సరిచూసుకోకపోవడం, శిక్షణలో లోపాలు తోడయ్యాయనీ రాశారు.

ఆవిడ మాటలకి అర్థం, నా సీలింగు ఫ్యాను అనుమానానికి జవాబు ఒకటే కావడం నన్ను చాలా రోజులు వదల్లేదు. అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా అదే గుర్తొచ్చేది. ఇంజను ఆగిందని ఆవిడ అనలేదు చూడండి, శక్తి రావడం లేదంది. ఆవిడ చూసింది చూసినట్టే చెప్పింది. అది ఎందుకు రావడం లేదో వెతుక్కునే వ్యవధే లేకపోయింది.

తిరుగు ప్రయాణంలోనూ నాకు ప్రొపెల్లరు పక్క సీటే దొరికింది. హైదరాబాదులో చక్రాలు నేల తాకగానే గుర్రుమని పెద్ద చప్పుడు. ఈసారి పక్కనున్నది కాలేజీ పిల్ల, ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదమ్మా, రెక్కలు కోణం తిప్పుకుని గాలిని ముందుకి నెడుతున్నాయి, బండి ఆగడానికి" అన్నాను.

విమానం ఆగాక ఇద్దరం కిటికీకి ముఖాలు ఆనించి చూశాం. నల్లటి రెక్కలు నెమ్మదించి ఒక్కొక్కటిగా కంటికి ఆనాయి. వెడల్పు ముఖాలన్నీ మావైపే ఉన్నాయి.