హాస్యమును నమ్ముకొన్నవారు

పూర్వము పగటివేషగాండ్రు వాకిటికి వచ్చి, నవ్వించి, చేటెడు బియ్యము పుచ్చుకొని పోయెడివారు. 2013వ సంవత్సరము ఫిబ్రవరిలో ఈటీవీయందు 'జబర్దస్త్' ప్రారంభమైనది మొదలు ఆ వేషములే టెలివిజను పెట్టెలోనికి చేరినవి. మా రఘునాథపల్లిలోను గురువారపు రాత్రి భోజనములు ముగియుసరికి ఇంటింట నవ్వుల ధ్వని వినవచ్చెడిది.

ఆ ప్రదర్శనపు తీరు మీ రెరుగనిది కాదు. నటులు జట్లుగా నేర్పడి కొలది నిమిషముల స్కిట్టు నాడుదురు. నాగబాబుగారు, రోజాగారు పెక్కేండ్లు న్యాయనిర్ణేతలై కూర్చుండిరి. చలనచిత్రములలో నొక్క మాటయైన దక్కక హైదరాబాదు కృష్ణానగరులో అవకాశములకై తిరుగు యువకులకు ఇది యొక ద్వారమైనది. ఇంద్రజాలము చేయుచుండిన సుధీరు కథానాయకు డయ్యెను. సుడిగాలి, హైపర్, రాకెట్, చమ్మక్ అని వీరికి బిరుదములు. కవులకు బిరుదము పాండిత్యము పిదప వచ్చును. వీరికి మాత్రము పేరునకు ముందే!

అయినను వారి శ్రమ తక్కువది గాదు. వారమున కొక క్రొత్త కథ కల్పింపవలెను, అభ్యసింపవలెను, ఆడవలెను. నవ్వు పుట్టకున్నను పుట్టింపక తప్పదు. అట్టివేళ అందరికంటె ముందు చేతికి దొరకునది భార్య! ఆమె లావు, ఆమె నోరు, ఆమె పుట్టినిల్లు, ఆమె వండిన కూర. ఆ భార్యయు పెక్కుమారులు చీర కట్టిన పురుషుడే. పాపము, ఆ వేషమునకు పెట్టెముందు కూర్చుండి నవ్వినవారే వీథిలో నెదురుపడినప్పుడు అతనిని ఎత్తిపొడుతురు.

భరతముని నవ్వు నారు విధములుగా విభజించెను. పలువరుస కనబడని స్మితము, కొంచెము కనబడు హసితము ఉత్తములవి, విహసితోపహసితములు మధ్యములవి, అపహసితాతిహసితములు అధములవి. పెట్టెలోనికి మొదటి రెండును చేరవు, వానికి చప్పుడు లేదు గదా! ఋషులను వెక్కిరించి భరతపుత్రులు శాపము దెచ్చుకొనిరని నాట్యశాస్త్రమే చెప్పుచున్నది. ఆలిని వెక్కిరించినవారికి శాపము లేదు సరిగదా, మార్కులు గలవు.

ఒకరిని కించపరుపక నవ్వించుట యెట్లని కొంద రడుగుదురు. మా ఓరుగల్లున 1932లో జన్మించిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు వృత్తిచే ఉపాధ్యాయులు. (బడిపంతులు జీతమున సంసార మీదుట యెట్టిదో మేము చెప్ప నక్కరలేదు.) వారికి పరికరము గొంతుక యొక్కటే. దానితోనే 1971లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయమున ధ్వన్యనుకరణము ప్రదర్శించిరి, 2001లో పద్మశ్రీ నందిరి, 2018లో పరమపదించిరి.

జబర్దస్త్ తొలి జట్టునాయకులలో నొకరు సిరిసిల్ల వేణు యెల్దండిగారు. నవ్వించువాడని ముద్రపడిన ఈయన పదియేండ్లకు, 2023 మార్చిలో, 'బలగం' అను చిత్రమునకు దర్శకత్వము వహించి చావింటి కథ చెప్పిరి. ముసలి కొమురయ్య మరణించును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఊరూర తెర గట్టి జనులు కలిసి చూచిరి. కడపట పాడినవారు మన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు. మొగిలయ్యగారు 2024లో కాలధర్మము నొందిరి. కీర్తి వారి యింటికి రెండేండ్లయినను నిండుగా ఉండలేదు.

ఆ చిత్రమునందును నవ్వు గలదు. విందులో నల్లిబొక్క తన విస్తరిలో పడలేదని అల్లుడు అలిగి పోవును. అన్నాచెల్లెండ్రకు ఏండ్ల తరబడి రాకపోకలుండవు. ఇచ్చట వెక్కిరింపబడునది ఆడుదాని రూపము గాదు, మగవారి పంతము. ఆ ఘట్టమును చూచుచు మేమందరము పకపక నవ్వితిమి. మా ప్రక్క నున్న వృద్ధురాలు మాత్రము నవ్వలేదు. ఆమె అన్నగారి గడప త్రొక్కి పదునాలుగేండ్లట.