ఓన్లీ అంటే ఏమిటి?

రైలు పెట్టె మీద "లేడీస్ ఓన్లీ" అని ఉంటుంది. చెక్కు రాసేవాళ్లు డబ్బు మొత్తం రాసి చివర "ఓన్లీ" అని చేరుస్తారు. ఇది ఇంగ్లీషు మాట. అందులో నాలుగే అక్షరాలు: ఓ, ఎన్, ఎల్, వై.

ఓన్లీ అంటే మాత్రమే. ఇంతే, ఇంకేం లేదు అని. లేడీస్ ఓన్లీ అంటే ఆ పెట్టె ఆడవాళ్లకు మాత్రమే. మన మాటల్లో దీన్ని ఇంకా చిన్నగా చెబుతాం. మాట చివర "ఏ" అని దీర్ఘం తీస్తాం. "అత్త సంతకే వెళ్లింది" అంటే ఇంకెక్కడికీ వెళ్లలేదని. "అత్తే సంతకు వెళ్లింది" అంటే ఇంకెవరూ వెళ్లలేదని.

ఇక చెక్కు సంగతి. అక్కడ ఈ మాట లేకపోతే డబ్బు పోవచ్చు.

పొదుపు సంఘం వాళ్లు రెండు వేలకు చెక్కు రాశారనుకుందాం. అంకెల్లో 2,000 వేశారు. అక్షరాల్లో "రెండు వేలు" అని రాసి వదిలేశారు. పక్కన బోలెడు జాగా ఉంది. ఎవరైనా అక్కడ "తొమ్మిది వందలు" అని చేర్చవచ్చు. అంకెల్లో మొదటి సున్నాకు తోక తగిలిస్తే తొమ్మిది అయిపోతుంది. 2,000 కాస్తా 2,900! తొమ్మిది వందలంటే ఎన్నాళ్ల పొదుపో సంఘం వాళ్లకు వేరే చెప్పాలా?

"రెండు వేల రూపాయలు మాత్రమే" అని రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

అయితే ఈ మాట వెనక వైపే కాపలా కాస్తుంది. ముందు జాగా ఉంటే "రెండు వేలు"కు ముందు "ఇరవై" పెట్టవచ్చు. 2,000కు ముందు ఇంకో 2 వేస్తే 22,000 అవుతుంది. అందుకే జాగా వదలకుండా ఆ చివరి నుంచే మొదలుపెట్టాలి. "మాత్రమే" తర్వాత మిగిలిన చోట అడ్డంగా గీత గీయాలి.

చెక్కుల గురించి 1881 నాటి చట్టం ఒకటుంది. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని అందులో ఉంది. బ్యాంకువాళ్లు మాత్రం అలాంటి చెక్కును తిప్పి పంపడమే ఎక్కువ.

చెక్కు మూల రెండు ఏటవాలు గీతలు గీసి, మధ్యలో "అకౌంట్ పేయీ ఓన్లీ" అని రాయడం కూడా ఉంది. అప్పుడు చెక్కు మీద పేరున్నవాళ్ల ఖాతాలోనే డబ్బు పడుతుంది. కౌంటరు దగ్గర చేతికి ఇవ్వరు. చెక్కు దారిలో పోయినా, దొరికినవాళ్లు డబ్బు తీసుకోలేరు. కానీ ఖాతా లేనివాళ్లకు ఇలా రాసిస్తే వాళ్లకు తిప్పలే.

ఇంగ్లీషు రాదని దిగులు అక్కర్లేదు. చెక్కు తెలుగులో రాయవచ్చు. "మాత్రమే" అని రాసి, గీత గీసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. కొందరు లీడర్లు తీరిక దొరకదని ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచుతారు. అలాంటి చెక్కు మీద ఎంత రాయాలో, "మాత్రమే" ఎక్కడ పెట్టాలో, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇష్టం.