కామాటిపుర గల్లీలో చేరగిలు సైకిలు

కాళ్లు ముందుకు చాచి, వీపును పడకకుర్చీలోవలె వెనుకకు చేర్చి, తల పైకెత్తి తొక్కెడి సైకిలు వీథిలో ఎదురైనచో, పిల్లలు కేరింతలతో వెంటబడుటయు, పెద్దలు తొక్కువానికి కాళ్లలో ఏదో లోపముండునని జాలిగా చూచుటయు సహజమే. ఏలయన, 1972లో కాన్పూరున స్థాపింపబడిన అలింకో వంటి సంస్థల మూలమున ఊరూరికి చేరిన, వికలాంగులు చేతులతో త్రిప్పుకొను మూడుచక్రాల బండియొక్కటియే, మన జనమెరిగిన సైకిళ్లలో వీపునకు ఆనుడు గలది.

అయినను ఈ చేరగిలు సైకిలు జాలినుండి పుట్టినది కాదు. వేగముకొరకు పేరొంది, ఆ వేగము కారణముగానే వెలివేయబడినది. ఫ్రాన్సు దేశమున షార్ల్ మోషే యనునాతడు, కుమారునకు సైకిలు ప్రమాదకరమని భార్య భయపడగా, వానికొక తొక్కుడుకారును చేసియిచ్చి, పిదప దానినే పెద్దలకు తగినట్లు పెంచి ‘వెలోకార్’ అను పేర అమ్మి, తుదకు ఆ నాలుగుచక్రాల బండిని నిలువున చీల్చినట్లుగా 1932లో రెండు చక్రములపై నిలిపెను. మరుసటి యేట జూలై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అను ద్వితీయశ్రేణి పందెగాడు దానినెక్కి ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుండి చెక్కుచెదరక నిలిచియున్న ఆస్కార్ ఎగ్ గారి 44.247 కిలోమీటర్ల రికార్డును దాటెను. పేరుపొందిన పందెగాండ్రు చేయలేని పనిని రెండవ తరగతివాడు చేయుట అంతర్జాతీయ సైకిలు సమాఖ్యకు రుచింపలేదు; 1934లో పందెపు సైకిలునకు కొలతలు నిర్ణయించి, ఈ బండి ఆ కొలతలలో ఇమడకుండునట్లు చేసెను. ఆ యేడే మోషే కన్నుమూసెను. ఆ వెలి న్యాయమని నేననను. కాని పెద్ద కర్మాగారములు తమకేల యని విడిచిన ఈ బండి చిన్న కొట్లలో, ఒక్కొక్క మేస్త్రీ చేతిలో, ఒక్కొక్క దేహమునకు తగినట్లు పెరుగుటకు ఆ వెలియే దారితీసినది.

వేగరహస్యము సులభమైనదే. సమతలమున వేగముగా తొక్కువాని బలములో పెద్దపాలు గాలిని చీల్చుటకే వ్యయమగును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగింతలును, దానిని గెలువవలసిన శక్తి ఎనిమిదింతలును అగును. నిటారుగా కూర్చున్నవాని రొమ్ము గాలికి గోడయై అడ్డుపడగా, చేరగిలినవాడు తన కాళ్ల వెనుకనే దాగును. 2016లో నెవాడా ఎడారిదారిపై టాడ్ రైకర్ట్ గుల్ల కప్పిన ఇట్టి బండిలో గంటకు 144.17 కిలోమీటర్ల వేగమందుకొన్నాడు. బొంబాయి వీథులలో, చేతిబండ్లకును బెస్టు బస్సులకును నడుమ, అట్టి వేగముతో ఎవరికిని పనిలేదు. ఇక్కడ దీని ప్రయోజనము వేరు: దేహభారము ఇరుకు సీటుపైనను మణికట్టులపైనను పడక, వీపంతటను పరచుకొనును. దినమంతయు కుట్టుమిషనుపై వంగియుండువానికి అది స్వల్పలాభము గాదు.

అవగుణమును కూడ చెప్పవలెను. ఎత్తెక్కునప్పుడు సీటునుండి లేచి ఒంటిబరువంతయు పెడలుపై మోపు ఉపాయము దీనిలో లేదు. ఆ దృష్టితో చూచినచో బొంబాయిలోని కామాటిపురమంత అనుకూలమైన నేల మరొకటి దొరకుట కష్టము. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తియై వర్లీ వైపునుండి సముద్రపు పోటు లోనికి రాకుండ ఆగినపిమ్మట మెల్లగా ఎండి మెరకవేయబడిన పల్లపు నేల యిది. నిజాము రాజ్యమునుండి పార, గంప పట్టుకొని వచ్చి ఇక్కడ గుడిసెలు వేసికొన్న తెలుగు కామాటీల పేరనే వెలసినది. సైకిలు విషయమునకు వచ్చిన, మిల్లులలో పనిచేసిన పద్మశాలీలు కాపురమున్న వర్లీలోనే హింద్ సైకిల్స్ కర్మాగారముండెడిది. 1980లో దానిని జాతీయము చేసిరి. నేడది లేకున్నను, పాత ఉక్కు సైకిళ్ల ఎముకలు ఈ నగరమున కరవు కాలేదు.

బండి కట్టదలచినవాడు ఇనుము కొనుటకు ముందు గోడకు వీపానించి నేలపై కూర్చుండి, చెప్పులతోనే కాళ్లు చాచి, గోడనుండి అరికాలి వరకు గల దూరమును టేపుతో కొలిపించుకొనవలెను. మామూలు సైకిలున సీటును పైకి క్రిందికి జరిపి సరిపెట్టుకొందుము. దీనిలో ఈ యొక్క కొలతనుబట్టియే పెడళ్ల స్థానమేర్పడును. దూరపు పెడలుపై పాదముంచినప్పుడు మోకాలు కొద్దిగా మడతపడియుండవలెను. కాలు పూర్తిగా చాచుకొనిన మోకాలు నొచ్చును, ఎక్కువ మడతపడిన బలము చాలదు.

సరకునకు చోర్‌బజారు దూరము గాదు. పెద్ద సైకిలొకటి, పిల్లల ఇరువదంగుళాల సైకిలొకటి, రెండును తుక్కుకు వచ్చినవి చాలును: వెనుకకు పెద్దచక్రము, ముందునకు చిన్నచక్రము. అతుకు విషయమున మాత్రము జాగ్రత్త వలయును. కిటికీల గ్రిల్లులు చేయు కొట్టులో కరెంటు వెల్డింగుతో అతుకబోయినచో సైకిలుగొట్టపు పలుచని రేకు చిల్లిపడును. గ్యాసుమంటతో ఇత్తడి కరగించి అతుకువానినే వెదకుకొనవలెను.

అసలు చిక్కు రెండు తెరగుల బండ్లలో దేనిని ఎన్నుకొనవలెనన్నది. ముందుచక్రము పెడళ్లకంటె ముందుండు పొడుగుబండి నిలకడగలది, తొందరగా అలవడునది. చక్రము తొడలక్రిందికి వచ్చు పొట్టిబండి ఇరుకులో తిరుగును గాని, బిగువైన మలుపున మడమ వెళ్లి చక్రమునకు తగులును. గల్లీ మూలమలుపులో, ఎదుట చేతిబండి నిలిచియుండగా, అది ప్రమాదము. నన్నడిగినచో పొడుగుబండికే ఓటు. కాని పొడుగుబండి రెండు మీటర్లకు మించును. ఇక్కడి చాళు, అనగా ఒంటిగదుల వాటాల మేడ, దాని మెట్లేమో నిట్టనిలువు కొయ్యమెట్లు, పట్టుకొనుటకు పైనుండి త్రాడు వ్రేలాడుచుండును. గల్లీలో విడిచిన తెల్లవారుసరికి బండి యుండదు. ఖోలీ యను ఆ ఒంటిగదిలోనా, మనుష్యులకే చోటు చాలదు. కాబట్టి ఇక్కడి బండిని రెండు ముక్కలుగా విడదీయునట్లు కట్టవలెను. ఒక గొట్టములో మరొక గొట్టము బిగువుగా దూర్చి, గొట్టపు వ్యాసమునకు రెండింతలకు తక్కువగాకుండ లోపలికి పోనిచ్చి, రెండు బోల్టులతో బిగించిన చాలును. ఈ కీలు సీటు క్రిందికి రారాదు. అక్కడనే బరువునకు గొట్టము అన్నిటికంటె ఎక్కువ వంగజూచును. విడిన ముక్కలు రెండును వసారాలో గోడకు కొట్టిన కొక్కెములకు తగులును, పొరుగువారి దారికి అడ్డురావు. చాళులో పొరుగువారి మాట ఇంజనీరు మాటకంటె ముఖ్యము.

సీటునకు విదేశములలో ఫైబరు గుల్లలు వాడుదురు. మనకు నవారు కలదు. రెండు వంపు గొట్టముల నడుమ నవారుపట్టీని మంచమునకు అల్లినట్లు బిగించినచో వీపునకు గాలి తగులును, చెమట ఆరును. బొంబాయి ఉక్కలో ఫైబరు గుల్ల ఈ పని చేయలేదు. హ్యాండిలును సీటు క్రింద అమర్చుట హాయియే, కాని ఇరుకు సందులో పిడికిళ్లు గీరుకొనును. గుండెకెదురుగా పొడవాటి కొమ్ములతో పెట్టుటయే మేలు. సీటు ఎత్తు తగ్గించి గొప్పలు పోరాదు: తొక్కువాని కన్ను టాక్సీడ్రైవరు కంటికి సరియెత్తున లేనిచో బండి వానికి కానరాదు.

చైను మాట చెప్పవలసినదే. మామూలు చైను నూటపండ్రెండు లింకులది, ఒక్కొక్క లింకు అర అంగుళము. ఈ బండికి అట్టివి రెండున్నర మూడు కావలెను. అంత పొడుగు చైను సీటు క్రిందుగా వంగిపోవుటకు మధ్యన బేరింగు గల కప్పీ యుండవలెను. లాగెడి వైపు చైనుపైననే తొక్కుడు బలమంతయు పడును గనుక, ఆ కప్పీని అలక్ష్యముగా బిగించినచో మొదటి తొక్కుడులోనే ప్రక్కకు ఒరగును. ప్యాంటుకు నూనె అంటకుండ ప్లాస్టిక్ పైపులో చైనును నడపుదురు. వానకాలమున పొరుగుననున్న నాగపాడా ప్రాంతమున నీరు నిలిచిన దినములలో ఈ పైపులో బురద చేరును. చైను విప్పి కిరసనాయిలులో కడిగి, హబ్బులలో కొత్త గ్రీజు నింపవలెను.

తొలిసారి ఎక్కువాడు హ్యాండిలును గట్టిగా పట్టుకొని పడిపోవును. ఒక పెడలును పైకెత్తి పెట్టుకొని, భుజములు వదలుచేసి, ఒక్క బలమైన తోపుతో కదలినచో బండి తానే నిలుచును. కొన్ని దినములు తొక్కినపిమ్మట నవారు సాగును, చైను వదులగును, గోడకానుకొని కొలిచిన కొలతకును సీటులో ఒదిగిన దేహమునకును వ్రేలెడు తేడా బయటపడును. పెడళ్ల గొట్టమును ఆ మేరకు జరిపి మరల బిగించి, చైనులో నాలుగు లింకులు తీయవలసి వచ్చును. ఈ కోతలు, అతుకులు ముగియువరకు రెడ్ ఆక్సైడు పూతతోనే బండిని త్రిప్పుట మంచిది. రంగు వేసిన బండిని మరల మంటకు చూపుటకు ఏ మేస్త్రీయు ఒప్పుకొనడు.