సైకిలుకు మామూలు రంగా? పౌడర్ పూతా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెల్లో మోటారు సైకిళ్లు ఎన్ని వచ్చినా పాత ఇనప సైకిలు పని మానలేదు. పాలక్యాన్లు కట్టాలన్నా, పొలానికి ఎరువు బస్తా చేర్చాలన్నా గట్టి కారియరున్న సైకిలే చాలామందికి ఆధారం. అటువంటి బండ్లు చేసిన అట్లాస్ కంపెనీ, ఢిల్లీ సమీపంలోని సాహిబాబాద్ కర్మాగారంలో 2020 జూన్ 3న పని ఆపింది. ఉన్న ఫ్రేమును కాపాడుకోవడమే ఇక మేలు. అయితే తుప్పు పట్టిన ఫ్రేముకు ఎనామిల్ రంగు వేయించాలా, బీరువాలకు, గ్రిల్సుకు వేసే పౌడర్ పూత వేయించాలా?

ఈ ప్రాంతంలో సైకిలుకు శత్రువులు మూడు. మొదటిది ఎరువు. పొటాష్ వంటి ఎరువుల ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుమును తింటుంది. రెండవది జగ్గయ్యపేట వైపు సిమెంటు దుమ్ము. అది తడిస్తే సున్నం గుణంతో ఎనామిల్ రంగును మెత్తబరుస్తుంది. మూడవది వరద. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చింది. మునిగిన సైకిలు గొట్టాల్లోకి నీరు చేరితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. దాన్ని పైపూత ఏదీ ఆపలేదు.

పౌడర్ పూత ఎలా వేస్తారు?

ఇందులో టిన్నరు, బ్రష్షు ఉండవు. పొడి రంగుకు విద్యుదావేశం ఇచ్చి తుపాకీతో చిమ్మితే అది ఇనుముకు పట్టుకుంటుంది. తర్వాత ఫ్రేమును కొలిమి గదిలో ఉంచి సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి ఇస్తారు. పొడి కరిగి ఒకే పొరగా గట్టిపడుతుంది. దాని మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు. ఎనామిల్ ఒక్కో పొర అందులో సగం కూడా ఉండదు. అందువల్ల పౌడర్ పూత గీతలను బాగా తట్టుకుంటుంది.

అయితే ఇందులో చిక్కులున్నాయి. హాండిల్, సీటు, పెడల్ ఇరుసు, కప్పులు, బాల్స్ అన్నీ ఊడదీయాలి. గ్రీజు మిగిలితే వేడికి పొంగి పూత బొబ్బలెక్కుతుంది. సొట్టలకు పెట్టిన లప్పం ఆ వేడికి నిలవదు. మరలున్న చోట్ల ముందుగా మూయకపోతే పూత నిండి కప్పులు బిగియవు. ఫ్రేముపై కొట్టిన నంబరు కూడా పూడిపోవచ్చు. రాయి తగిలి పెచ్చు లేచిన చోట నీరు దూరితే పొర కిందనే తుప్పు పాకుతుంది. దాన్ని ఊళ్లో సరిచేయడం కుదరదు. పైగా కొలిమి గది ఉన్న చోటికి ఫ్రేమును తీసుకువెళ్లాలి. విజయవాడ నందిగామకు దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు ఇంకా దూరం.

పౌడర్ వేయించేవారు ఏ రకం పొడి అని తప్పక అడగాలి. ఎపాక్సీ పొడి ఎండకు వెలిసి సున్నం రాలినట్లు రాలుతుంది. ఎండలో నిలిచే బండికి పాలిస్టర్ పొడి కావాలి.

ఇంటి దగ్గరి రంగు

ఎనామిల్ అంత మొండిది కాదు. కానీ గీత పడితే ఆ చోటు రుద్ది, కాస్త రెడాక్సైడ్, కాస్త రంగు పూసి సరిచేసుకోవచ్చు. రోజూ బరువు మోసే సైకిలుకు ఇదే పెద్ద లాభం. పాత తుప్పును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, నూనె జిడ్డు తుడిచి, అదే రోజు రెడాక్సైడ్ వేయాలి. ఆరాక రంగు ఒకే మందపు పూతగా కాక రెండు పల్చని పూతలుగా వేయాలి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోరాదు. రంగు తాకితే అంటకపోయినా పూర్తిగా గట్టిపడడానికి రోజులు పడుతుంది. అంతవరకు బరువు కట్టకపోవడం మంచిది.

ఏ పూత వేయించినా, పని అయ్యాక సీటు గొట్టంలో రెండు చెంచాల నూనె పోసి ఫ్రేమును అటూ ఇటూ తిప్పాలి. లోపలి తుప్పుకు అదే మందు. ఇది పౌడర్‌కు ముందు చేయరాదు, కొలిమిలో ఆ నూనె బయటికి వచ్చి పూతను చెడగొడుతుంది.

మొత్తం విప్పి కొత్త సామాను వేసే ఓవర్‌హాలింగు ఎలాగూ చేయిస్తుంటే, ఫ్రేములో సొట్టలు లేకుంటే, పౌడర్ పూతకు పెట్టిన డబ్బు దండగ కాదు. రోజూ బస్తాలు, క్యాన్లు మోస్తూ గీతలు పడే బండికి ఎనామిలే తగినది. రెండింటిలో దేని ఆయువైనా కింద చేసిన శుభ్రతలోనే ఉన్నది. కాబట్టి రంగు పడకముందే ఒకసారి వెళ్లి ఫ్రేమును చూడాలి. గొట్టాలు అతికిన మూలల్లో తుప్పు కనిపిస్తే మళ్లీ రుద్దించాలి. రంగు పడ్డాక అది కంటికి కనిపించదు.