నాడి అందదు... ప్రాణం ఆగదు!

మణికట్టు పట్టుకుని చూస్తే నాడి అందదు. మామూలు బీపీ యంత్రం కూడా చేతులెత్తేస్తుంది. కానీ ఆ మనిషి మాత్రం నవ్వుతూ కబుర్లు చెబుతుంటాడు. సంచీ పట్టుకుని బజారుకూ వెళ్లొస్తాడు. గుండెకు అమర్చిన ఓ బుల్లి పంపు మహిమ అది. గుండె పూర్తిగా అలసిపోయి, మందులకూ లొంగనివారికి ఇప్పుడదో ఆసరా!

పిడికెడంత గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒంటికి సరఫరా చేస్తుంది. లెక్కేస్తే రోజుకు 7 వేల లీటర్లు... అంటే ఓ ట్యాంకరెడు! గుండెపోటుతో కండరం దెబ్బతిన్నా, వైరస్ సోకినా, ఏళ్లతరబడి బీపీ అదుపు తప్పినా ఈ పని మందగిస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాళ్లకు నీరు. పడుకుంటే ఊపిరాడదు, దిళ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునే కునుకు తీయాలి. దీన్నే 'హార్ట్ ఫెయిల్యూర్' అంటారు. గుండె ఆగిపోవడం కాదిది, చాలినంత పనిచేయలేకపోవడం.

మొదట్లో మందులతో నెట్టుకురావచ్చు. బాగా ముదిరితే గుండె మార్పిడే దారి. 1967లో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బెర్నార్డ్ ఆ దారి తెరిచారు. మనదేశంలో తొలి విజయం 1994లో... ఢిల్లీ ఎయిమ్స్‌లో. ఆ బృందానికి సారథి మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్. అయితే మార్చడానికి గుండె కావాలి కదా! బ్రెయిన్‌డెడ్ అయిన వ్యక్తి కుటుంబం ఒప్పుకుంటేనే అది దొరుకుతుంది. ఆలోగా రోగి ప్రాణం నిలిచేదెలా? ఆ ప్రశ్నకు జవాబే ఈ పంపు.

వాషింగ్ మెషీన్ అంత యంత్రం

1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైఖేల్ డెబాకీ ఓ మహిళకు గుండె ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ తర్వాత గుండె సొంతంగా పనిచేయలేకపోయింది. 10 రోజులపాటు పంపు ఆసరా ఇచ్చారు. గుండె తేరుకుంది, ఆమె ఇంటికెళ్లింది. 1982లో ఉటా విశ్వవిద్యాలయ వైద్యులు బార్నీ క్లార్క్ అనే విశ్రాంత దంతవైద్యుడికి ఏకంగా కృత్రిమ గుండెనే అమర్చారు. దాన్ని నడిపే యంత్రం వాషింగ్ మెషీన్ అంత ఉండేది. ఆయన 112 రోజులు బతికారు.

నైలు దేశం నేర్పిన పాఠం

తొలినాటి పంపులన్నీ గుండెనే అనుకరించేవి. నిండటం, పిండటం... మళ్లీ నిండటం. అందుకే పెద్దవిగా ఉండేవి, భాగాలు త్వరగా అరిగిపోయేవి. అసలు కొట్టుకోవాల్సిన అవసరం ఏముంది? ఈ ఆలోచన 1976లో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా వైద్యుడికి ఈజిప్టు పల్లెలో వచ్చింది. మన పల్లెల్లో ఏతం తొక్కినట్టు, అక్కడివాళ్లు గొట్టంలోని మరను చేత్తో తిప్పుతూ నీళ్లు పైకి తోడుతున్నారు. ఆగకుండా తిరిగే మరతో నీళ్లు తోడగలిగితే రక్తాన్ని ఎందుకు తోడలేం అనుకున్నారాయన. రక్తకణాలు నలిగిపోతాయని నిపుణులు భయపెట్టారు. అలా జరగలేదు. ఆయన చేసిన పంపును 1988లో హ్యూస్టన్‌లో తొలిసారి రోగికి వాడారు.

ఆ బాటలో వచ్చిన 'హార్ట్‌మేట్-2'కు 2008లో అమెరికా అనుమతి దక్కింది. ఆ దేశ మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 2010లో పంపు అమర్చుకుని 20 నెలలు దాంతోనే గడిపారు. 2012లో గుండె మార్పిడి చేయించుకుని, 2025 దాకా జీవించారు.

ఎలా పనిచేస్తుందంటే...

రోగి గుండెను తీసేయరు. ఎడమ జఠరిక కొన దగ్గర పంపు బిగిస్తారు. అది రక్తాన్ని లాగి, గొట్టం ద్వారా బృహద్ధమనిలోకి పంపిస్తుంది. 2017లో అనుమతి పొందిన 'హార్ట్‌మేట్-3'లో తిరిగే చక్రం దేన్నీ తాకదు. అయస్కాంత శక్తితో గాల్లో తేలినట్టు రక్తంలో తేలుతూ తిరుగుతుంది. అందుకే అరుగుదల ఉండదు, రక్తం గడ్డకట్టే ముప్పూ తక్కువ. కొళాయి ధారలా రక్తం నిరంతరం పారడంవల్లే నాడి సరిగ్గా అందదు.

పంపు నుంచి ఓ వైరు పొట్ట చర్మం గుండా బయటికొస్తుంది. దానికి కంట్రోలరు, నడుముకో భుజానికో తగిలించుకునే రెండు బ్యాటరీలు ఉంటాయి. పూర్తిగా ఛార్జి చేస్తే గరిష్ఠంగా 17 గంటలు వస్తాయి. రాత్రి నిద్రపోయేటప్పుడు కరెంటు ప్లగ్గుకు తగిలించుకోవాలి.

ఇంటిల్లిపాదికీ పరీక్షే

ఇక్కడే కుటుంబం పాత్ర మొదలవుతుంది. కరెంటు పోతే ఏం చేయాలో, అలారం మోగితే ఏది నొక్కాలో ఇంట్లో కనీసం ఒకరికైనా తెలిసి ఉండాలి. వైరు బయటికొచ్చే చోట రోజూ శుభ్రంగా కట్టు కట్టాలి. లేదంటే ఇన్ఫెక్షన్. చెరువులో ఈత, ఎంఆర్ఐ స్కానింగ్... రెండూ కుదరవు. రక్తం పలచబడే మందు వాడుతూ, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. మోతాదు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే పక్షవాతం భయం. గుండె కుడిభాగం కూడా బలహీనపడినవారికి ఈ పంపు ఒక్కటే చాలకపోవచ్చు. పంపులన్నీ ఒకటి కాదు కూడా. పక్షవాతం, మరణాల ముప్పు ఎక్కువని తేలడంతో 'హార్ట్‌వేర్' పంపు అమ్మకాల్ని 2021లో తయారీదారే ఆపేసింది.

మరి ఫలితం? 2001లో వెలువడిన అధ్యయనంలో మందులతోనే నెట్టుకొచ్చినవారిలో ఏడాది తర్వాత మిగిలింది 25 శాతం. పాతతరం పంపుతో 52 శాతం. హార్ట్‌మేట్-3తో ఐదేళ్ల తర్వాత కూడా 58 శాతం మంది బతికున్నారని 2022 నాటి నివేదిక చెబుతోంది. అంటే పదిమందిలో నలుగురికి ఐదేళ్లు దక్కలేదన్నమాటే. ఖర్చూ మామూలుది కాదు, సామాన్యుడికి అందనంత. కాబట్టి పంపు పెట్టించుకోవాలా వద్దా అన్నది డాక్టర్ ఒక్కరే తేల్చేది కాదు. తనకేం కావాలో రోగి చెప్పగలిగే స్థితిలో ఉన్నప్పుడే ఇంటివాళ్లంతా కూర్చుని మాట్లాడుకోవాలి. పరిస్థితి విషమిస్తే యంత్రాన్ని ఎప్పటిదాకా నడపాలన్న కష్టమైన మాటతో సహా!

పరిశోధన మాత్రం ఆగలేదు. ఒకే ఒక్క కదిలే భాగమున్న 'బైవాకార్' కృత్రిమ గుండెను 2024లో హ్యూస్టన్‌లో తొలిసారి మనిషికి అమర్చారు. ఆస్ట్రేలియాలో ఓ రోగి దాంతో వంద రోజులకు పైగా గడిపి, 2025లో దాత గుండె అందుకున్నాడు. అంత గొప్ప యంత్రం కూడా చివరికి ఎదురుచూసింది ఓ మనిషి గుండె కోసమే. 2013లో మన దగ్గర మొదలైన 'జీవన్‌దాన్' చేస్తున్న పనీ అదే... ఆ గుండెను అవసరమైనవారికి చేర్చడం. యంత్రం వంతెన వేయగలదు. అవతలి ఒడ్డు మాత్రం మనుషుల చేతుల్లోనే ఉంది!