గ్లూకోజు వేషంలో వైరస్ నిరోధం: 2-డీజీ మందు, దాని సవరణ, గొర్రెలలో పరిమితులు

పెన్నా తీరాన సంగం ప్రాంతంలో నెల్లూరు జాతి గొర్రెల పెంపకందారులకు వానలతోపాటు నీలినాలుక వ్యాధి భయం కూడా వస్తుంది. ఈ వైరస్‌లో 24కు పైగా సీరోరకాలు ఉన్నవి. ఒక రకానికి వేసిన టీకా మరొక రకం నుండి పూర్తి రక్షణ ఇవ్వదు. అందువలన పలు వైరస్‌లపై పనిచేయగల ఒకే మందు అన్న ఆలోచన ఆకర్షణీయమైనది.

అటువంటి మందుకు సమీప ఉదాహరణ 2-డీఆక్సీ-డి-గ్లూకోజు. డీఆర్‌డీఓ ప్రయోగశాల ఇన్మాస్, హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థతో కలిసి దీనిని కోవిడ్‌కు అభివృద్ధి చేయగా, 2021 మే నెలలో సహాయక చికిత్సగా అత్యవసర వినియోగానికి అనుమతి లభించినది. అంతకు ముందు సీసీఎంబీలో ప్రయోగాలు జరిగినవి. అయితే ఇది కొత్త పదార్థం కాదు. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ వృద్ధిని ఇది అరికడుతుందని 1959లోనే వెల్లడైనది.

దీని రెండవ కార్బనుపై హైడ్రాక్సిల్‌కు బదులు హైడ్రోజన్ ఉంటుంది. కణం దీనిని గ్లూకోజుగా భ్రమించి లోనికి తీసుకొని ఫాస్ఫేటు చేర్చుతుంది. ఆ తరువాతి చర్య సాగదు; శక్తి ఉత్పత్తి కుంటుపడుతుంది. మందు దెబ్బ వైరస్‌పై కాక, వైరస్ ఆధారపడిన కణ జీవక్రియపై పడుతుంది కనుకనే దాని పరిధి విస్తృతం. వైరస్ బాహ్యపొర ప్రోటీనులకు చక్కెరలు చేరడాన్ని కూడా ఇది చెడగొడుతుంది. నీలినాలుక వైరస్‌కు బాహ్యపొర లేదు కనుక ఈ రెండవ మార్గంపై ఆశ పెట్టుకోలేము.

ఈ మందు శరీరంలో ఎక్కువసేపు నిలువదు. ఆ లోపాన్ని సరిదిద్దుటకు హ్యూస్టన్‌లో 3, 6 స్థానాలలో ఎసిటైల్ సమూహాలు చేర్చి డబ్ల్యూపీ1122 రూపొందించారు. ఈ రూపం పొరలను సులభంగా దాటుతుంది. పిదప ఎంజైములు ఆ సమూహాలను తొలగించి అసలు మందును విడుదల చేస్తాయి.

గొర్రెల విషయంలో చిక్కు ఇక్కడే ఉన్నది. నెమరువేయు జీవి గ్లూకోజును ఎక్కువగా మేత నుండి నేరుగా పొందదు. పెద్దపొట్టలో పుట్టిన ప్రొపియోనిక్ ఆమ్లం నుండి కాలేయంలో తయారుచేసుకొంటుంది. కవల పిల్లలున్న చూడి గొర్రె నెలలు నిండే దశలో ఆ కొద్ది గ్లూకోజు చాలక కీటోసిస్‌కు లోనవుతుంది. గొర్రెపిల్లలకు 2-డీజీ ఇచ్చినపుడు ల్యూటినైజింగ్ హార్మోన్ స్రావం తగ్గినట్లు 1990లలోనే గమనించారు. మనిషిలో మేలుగా భావించే దీర్ఘ నిలకడ, చూడి గొర్రెలో గ్లూకోజు కొరతను అంతే పొడిగించవచ్చు. కనుక మోతాదు ప్రయోగాలు జరిగితే ముందు చూడి లేని గొర్రెలలో, రక్త గ్లూకోజు, కీటోనులు కొలుస్తూ సాగాలి. ఈలోగా మంద రక్షణకు అందుబాటులో ఉన్నది 5 సీరోరకాల నిర్జీవ టీకా, దానిని వానలకు ముందే వేయించుట, వ్యాధిని మోసే క్యూలికాయిడిస్ కీటకాలు పెరిగే తడి పేడను దొడ్ల చుట్టూ నిలువనీయకుండుట.