క్యూఆర్‌పీ డీఎక్స్ మర్యాదలు

హామ్ రేడియోలో అతి తక్కువ శక్తితో ప్రసారం చేయడాన్ని క్యూఆర్‌పీ అంటారు. మోర్స్ టెలిగ్రాఫీలో వాడే క్యూ సంకేతాలలో ఈ మూడక్షరాలకు "శక్తిని తగ్గించండి" అని అర్థం, ప్రశ్నగా పంపితే "శక్తిని తగ్గించమంటారా?" అని అర్థం. హాముల వాడుకలో ఇది క్రమంగా ఒక పద్ధతికి పేరుగా స్థిరపడింది. మోర్స్ ప్రసారానికి 5 వాట్లు, మాట ప్రసారానికి 10 వాట్ల శిఖర శక్తి సాధారణంగా అంగీకరించిన హద్దులు. సుదూర దేశాలతో, ముఖ్యంగా అరుదుగా దొరికే ప్రాంతాలతో జరిపే సంపర్కాన్ని డీఎక్స్ అంటారు. ఈ రెండూ కలిసినచోట పాటించవలసిన మర్యాదలు ఈ వ్యాస విషయం.

అమెరికాలో 1961లో, బ్రిటనులో 1974లో ఇందుకు ప్రత్యేకంగా క్లబ్బులు ఏర్పడ్డాయి. బ్రిటిషు క్లబ్బు స్థాపకుడు జార్జ్ డాబ్స్.

భారం ఎవరిపై

మామూలు హామ్ సెట్టు 100 వాట్ల శక్తినిస్తుంది. దానిని 5 వాట్లకు తగ్గిస్తే సిగ్నలు 13 డెసిబెళ్ళు తగ్గుతుంది. రిసీవరు మీటరుపై ఒక్కొక్క ఎస్ అంకెకు 6 డెసిబెళ్ళు అని లెక్క. కనుక ఎస్9గా వినబడిన కేంద్రం ఎస్7 దరిదాపులకు దిగుతుంది, అంతే. ఐనో ఆవరణం అనుకూలించిన రోజున ఇది పెద్ద లోటు కాదు. 5 వాట్లతో ఖండాంతరాలకు మాట్లాడటం వింత కూడా కాదు. అయితే 100 వాట్ల సిగ్నలే రొదలో అంతంతమాత్రంగా వినబడుతున్నప్పుడు ఆ 13 డెసిబెళ్ళు సంపర్కాన్నే మింగివేస్తాయి. తక్కువ శక్తితో దూరదేశాన్ని అందుకున్నవారు తమ నేర్పును చెప్పుకుంటారు గాని, కష్టంలో సగానికి పైగా అవతల చెవులు రిక్కించి విన్నవారిదే. క్యూఆర్‌పీ మర్యాదలలో చాలావరకు ఈ ఒక్క విషయం నుండే పుట్టాయి.

పిలిచే ముందు

అరుదైన కేంద్రం ఒకటి గాలిలోకి రాగానే వందలాది మంది ఒకేసారి పిలుస్తారు. ఈ గుంపును పైలప్ అంటారు. డీఎక్స్ ఆపరేటరు సాధారణంగా తాను పంపే ఫ్రీక్వెన్సీలో కాక, దానికి కొన్ని కిలోహెర్ట్జులు పైన వింటాడు. ఆయన ఎక్కడ వింటున్నాడు, ఒక్కొక్కరి తరువాత ఎటు జరుగుతున్నాడు అన్నది పసిగట్టినవారికే 5 వాట్లు పనికివస్తాయి. డీఎక్స్ కేంద్రం తనకే సరిగా వినబడనప్పుడు పిలవనే కూడదు, ఎందుకంటే ఆయన జవాబిచ్చినా తెలియక మళ్ళీ పిలుస్తూ ఇతరుల సమయం పాడుచేస్తారు. యాత్రా కేంద్రాలను మొదటి రెండు రోజులు వదిలివేసి, గుంపు పలచబడిన చివరి రోజులలో ప్రయత్నించడం మంచిది. అప్పుడు అదే ఆపరేటరు ఎవరైనా పిలుస్తారా అని ఎదురుచూస్తూ ఉంటాడు.

"నాది అయిదు వాట్లే కదా" అని డీఎక్స్ ఫ్రీక్వెన్సీపై యాంటెన్నా సరిచేసుకోవడం కూడా తప్పే. సుదూరంలోని కేంద్రానికి అది వినబడకపోవచ్చు గాని, అదే కేంద్రాన్ని వింటున్న పొరుగు హాములకు చక్కగా అడ్డుపడుతుంది.

పేరు చివర తోక

ఎక్కువ వివాదం దీనిపైనే. కొందరు తమ కాల్ సైన్ చివర ఏటవాలు గీత పెట్టి క్యూఆర్‌పీ అని చేర్చి పంపుతారు. ఆరు అక్షరాల కాల్ సైన్‌కు ఈ నాలుగు గుర్తులు చేరితే మోర్స్‌లో పంపే సమయం బాగా పెరుగుతుంది. బలహీనమైన సిగ్నలు తేలుతూ మునుగుతూ ఉన్నప్పుడు అవతలివారికి ఆ తోక ఒక్కటే అందవచ్చు, పిలిచినదెవరో తెలియదు. పైగా డీఎక్స్ ఆపరేటరు చెవికి సిగ్నలు బలహీనమని వేరే చెప్పనక్కరలేదు. బెల్జియం వంటి దేశాల నిబంధనలు దీనిని అనుమతించవు కూడా. 2008లో ఇద్దరు బెల్జియం హాములు, జాన్ డెవోల్డెర్, మార్క్ డెములెనీర్, వ్రాసిన ప్రవర్తనా గ్రంథం కూడా ఈ అలవాటును తప్పుబట్టింది. ఆ మాట సబబే. సంపర్కం పూర్తయి, తీరిక ఉంటే, అప్పుడు "శక్తి 5 వాట్లు" అని చెప్పుకోవచ్చు. గుంపులో పిలిచేటప్పుడు అది సానుభూతి అడగడమే అవుతుంది.

సంపర్కంలో

పూర్తి కాల్ సైన్ ఇవ్వాలి, చివరి రెండక్షరాలు మాత్రమే కాదు. ఆపరేటరు అడిగిన భాగాన్నే తిరిగి పంపాలి. రిపోర్టు అందగానే తన రిపోర్టు ఇచ్చి తప్పుకోవాలి. వాతావరణం, యాంటెన్నా కథలు అక్కరలేదు. రెండు మూడు ప్రయత్నాలకు కాల్ సైన్ అందకపోతే శక్తి పెంచి సంపర్కం ముగించడం అవతలివారి పట్ల మర్యాద, కాని ఆ సంపర్కాన్ని క్యూఆర్‌పీ అవార్డుకు లెక్కించరాదు. ప్రసార శక్తిని తనిఖీ చేసేవారెవరూ ఉండరు. 5 వాట్లతో 100 దేశాలు, వాటుకు వెయ్యి మైళ్ళు వంటి అవార్డులన్నీ హామ్ మాటపై నమ్మకంతోనే నడుస్తున్నాయి.

ఎక్కువ శక్తివారి బాధ్యత

డీఎక్స్ ఆపరేటరు "ఇప్పుడు క్యూఆర్‌పీ వారే" అన్నప్పుడు మిగిలినవారు మౌనంగా ఉండాలి. సంపర్కానికి అవసరమైన కనీస శక్తినే వాడాలని అమెరికా నిబంధనలలో స్పష్టంగా ఉన్నది. మోర్స్ క్యూఆర్‌పీ వారు 14.060, 21.060, 28.060 మెగాహెర్ట్జుల వద్ద చేరుతారు. అయితే ఇవి ఆనవాయితీలే, హక్కులు కావు. అక్కడ ముందుగా వేరొకరు ఉంటే తప్పుకోవలసినది కొత్తగా వచ్చినవారే. "ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా" అని 5 వాట్లతో అడిగినవారి ప్రశ్న ఎవరికీ వినబడక, మరొకరు వచ్చి మీద కూర్చోవడం తరచు జరుగుతుంది. దానిలో దురుద్దేశం వెదకనక్కరలేదు.

చెవికి అందని సిగ్నళ్ళను కంప్యూటరుతో చదివే డబ్ల్యుఎస్‌పిఆర్ 2008లో, ఎఫ్‌టి8 2017లో వచ్చాయి. వీటిలో కొద్ది వాట్లే చాలు. వందల వాట్లు గుమ్మరిస్తే పక్కవారు మునిగిపోతారు.

ఆపద వేళ

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవుల నుండి డీఎక్స్ ప్రసారాలు జరుపుతుండగా, 26వ తేదీన సునామీ వచ్చింది. ఆ కేంద్రం వెంటనే సహాయ సమాచారాల వైపు మళ్ళింది. ఇటువంటి సందర్భంలో ఆపరేటరు అతి బలహీనమైన సిగ్నలు కోసం కూడా వెదుకుతూ ఉంటాడు. 5 వాట్ల డీఎక్స్ పిలుపు సైతం ఆయనను పొరపాటున తనవైపు తిప్పుకోగలదు. కనుక ఆ ఫ్రీక్వెన్సీలో వినడమే తప్ప పిలవరాదు.